మేకుకు తగిలించిన తాళంచెవి

మా మామయ్యను వీధిలో అందరూ ‘నిదానం’ అంటారు. నిదానమే ప్రధానం అని మాటకు ముందోసారి, వెనకోసారి అంటాడు కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. చేతి గడియారాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఆవగింజంత మరలు పట్టే మనిషి కదా, పనికి ముందు చేతులు కడుక్కుంటాడు, పనయ్యాక మళ్ళీ కడుక్కుంటాడు. మేము నవ్వుకుంటాం. ఆయనకు మాత్రం అందులో నవ్వే సంగతేమీ కనిపించదు.

నిజం చెప్పాలంటే ఆయన పిరికివాడు. ఒకసారి ఒక మెకానిక్ చక్రం బోల్టు బిగించకుండానే వాళ్ళ కారు పంపించాడు. అప్పటినుంచి ఆ కారును పరాయి చేతికి ఇవ్వలేదు. నడిపేది అత్తయ్య. ఆమె నర్సు, ఆసుపత్రి నుంచి పిలుపొస్తే ఉన్నపళంగా వెళ్ళాలి. ముందు చక్రాల దగ్గర గరగరమని చప్పుడు మొదలైన రోజునుంచీ మామయ్యకు తిండి సహించలేదు. బ్రేకు డిస్కులు, వాటిని నొక్కిపట్టే ప్యాడ్లు అరిగిపోయాయని తెలుసుకుని, కొత్తవి కొని, రెండు వారాలు వాటిని మంచం కింద దాచి, ఆ ఆదివారం ఉదయం ధైర్యం కూడగట్టుకున్నాడు.

నేను అప్పుడు వాళ్ళింట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం బస్సుకు వెళ్ళాలి. అంతవరకూ మెట్ల మీద కూర్చుని ఆయన భయాన్ని వినోదంలా చూశాను. కారును జాకీతో లేపాడు. జాకీని నమ్మక కింద దుంగ పెట్టాడు. దుంగనూ నమ్మక ఊడదీసిన చక్రాన్ని కూడా దూర్చాడు. కొత్త డిస్కులకు తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచిందే తుడిచాడు. కొత్త ప్యాడ్లు పట్టడానికి వాటిని నెట్టే పిస్టన్లను వెనక్కి నొక్కుతూ, ఇలా నొక్కాక బ్రేకులో పట్టుండదనీ, కారు కదిపే ముందు లోపల కూర్చుని పెడలు గట్టిపడేదాకా తొక్కాలనీ నాకు చెప్పాడు. నేను వినీ విననట్టు ఊఁ కొట్టాను.

ఆ ఇంట్లో రెండు కట్టుబాట్లున్నాయి. మురికి చేతులతో కారెక్కకూడదన్నది అత్తయ్యది. రెండోది మామయ్యది. కారు సిద్ధంగా ఉంటే తాళంచెవి గుమ్మం పక్క మేకుకు ఉండాలి, రిపేరులో ఉంటే ఆయన చొక్కా జేబులో ఉండాలి. చక్రాలు బిగించి కారు దించాక ఆయన ఒళ్ళంతా జిడ్డు. పెడలు తొక్కాలంటే కడుక్కోవాలి. కడుక్కోవాలంటే చొక్కా విప్పాలి. తాళంచెవి తడవకూడదని జేబులోంచి తీసి, అలవాటు ప్రకారం మేకుకు తగిలించి పెరట్లోకి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అత్తయ్య మేకు వైపు చూసి తాళంచెవి అందుకుంది. నన్నూ దారిలో బస్సెక్కిస్తానంది. సంచీ వెనక సీట్లో పడేసి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ వీధి పొడవునా వాలు, చివర లారీలు తిరిగే పెద్ద రోడ్డు. సగం వాలు దిగాక అద్దంలో మామయ్య కనిపించాడు. చొక్కా లేదు. మోచేతులదాకా సబ్బు నురగ. పరుగెత్తుతున్నాడు. ఆయన పరుగెత్తగా నేను చూడటం అదే మొదలు.

నవ్వబోయాను. అంతలో అత్తయ్య బ్రేకు తొక్కింది. ఆమె పాదం నేలకంటా దిగిపోయింది.

పొద్దున విన్న మాట గుర్తొచ్చింది, కానీ చెప్పే వ్యవధి లేదు. లారీ ఒకటి ఎడమనుంచి వస్తోంది. అత్తయ్య మళ్ళీ తొక్కింది. దిగిపోయింది. మళ్ళీ తొక్కింది. ఈసారి పెడలు సగంలో ఆగింది. నాలుగోసారికి కారు కుదుపుతో ఆగింది. లారీ మా ముందునుంచి వెళ్ళిపోయింది, దాని గాలికి అద్దాలు అదిరాయి.

మామయ్య వచ్చి చక్రం పక్కన కూలబడ్డాడు. నురగ చేతులతోనే టైరు పట్టుకున్నాడు.

“తాళం నేనే తగిలించాను,” అన్నాడు చివరికి.

చెంచాకు మరకుంటే ఇల్లు పీకి పందిరేసే అత్తయ్య దిగి ఆయన పక్కనే నేలమీద కూర్చుంది. అలా తొక్కాలని నీకెలా తెలిసిందని నేనడిగాను.

“తెలీదు. ఆగిన గుండెనైనా ఒకసారి నొక్కి వదిలేయం కదా,” అంది.

మామయ్య జిడ్డు ప్యాంటుతోనే ఆమె సీట్లో కూర్చుని పెడలు ఎన్నిసార్లు తొక్కాడో నేను లెక్కపెట్టలేదు. సీటు పాడవుతుందని అత్తయ్య అనలేదు. ఆమె ఆటోలో ఆసుపత్రికి వెళ్ళింది. నా బస్సు తప్పిపోయింది.

మర్నాడు పొద్దున అత్తయ్య డ్యూటీకి బయలుదేరింది. మామయ్య రాత్రంతా నిద్రపోలేదు. మేకును గోడలోంచి పీకేసి, తాళంచెవి ఆమె చేతికే ఇచ్చి, గేటు దగ్గర నిలబడ్డాడు. అంతా సరిగ్గా ఉందని రెండుసార్లు చెప్పాడు. ఆమె తలూపి కూర్చుంది. ఇంజను స్టార్టు చేయకముందే బ్రేకు తొక్కింది. ఇంకోసారి తొక్కింది. మూడోసారి కూడా తొక్కి, పాదం కాసేపు అక్కడే ఉంచింది.

ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయన చేసిన పనిని ఆమె సరిచూసుకోవడం అదే మొదటిసారి. మామయ్య తల వంచుకుని గేటు తీశాడు.