పగుళ్ళు లేని పూత

మక్కజొన్న గింజలు ఒలిచాక మిగిలే బెండ్లను మా కోరుట్ల వైపు పొయ్యిలో పెడతారు, లేదంటే పొలం గట్టున పారేస్తారు. నేను వాటిని గాలి తగలని కొలిమిలో కాల్చి, నల్లటి పొడి చేసి, ఆ పొడితో బ్యాటరీ కట్టాలని పీహెచ్‌డీ పేరుతో ఐదేళ్ళు తిరిగాను. లిథియం అవసరం లేకుండా, ఉప్పులో ఉండే సోడియంతో నడిచే బ్యాటరీలు వస్తున్నాయి. వాటిలో ఒక పక్కన ఇలాంటి బొగ్గుపొడే కావాలి. పగలు ఎండతో పుట్టిన కరెంటును పొద్దు గూకినాక వాడుకోవడానికి దాచిపెట్టేది ఇదే. మా అమ్మ అడిగితే ఇంతే చెప్పాను.

ఆమె ఊరుకుంటుందా! బీడీలు చుట్టేటప్పుడు పక్కన కూర్చునే ఆడవాళ్ళందరికీ చెప్పేసింది. ఇక నేను ఇంటికి వెళ్ళినప్పుడల్లా చాట ఒళ్ళో పెట్టుకునే ఒకామె అడిగేది: "బ్యాటరీ అయ్యిందా బిడ్డా? మా ఇన్వర్టర్ సచ్చిపోయింది, ఒకటి తెచ్చి పెట్టరాదు." అందరూ నవ్వేవాళ్ళు. మొదటి రెండేళ్ళు నేనూ నవ్వాను. తర్వాత వాకిట్లోంచి కాకుండా దొడ్డిదారిన ఇంట్లోకి పోవడం నేర్చుకున్నాను.

ఎందుకంటే బ్యాటరీ కాలేదు. బెండ్లను కాల్చే పని హైదరాబాద్‌లో, మిగతాదంతా జగిత్యాలలో మా కాలేజీ ల్యాబులో. పొడిని జిగురుతో ముద్దలా కలిపి, పల్చటి అల్యూమినియం రేకు మీద పూతగా పూసి, ఆరబెట్టి, రూపాయి బిళ్ళంత ముక్కలు కోసి సెల్‌లో పెట్టాలి. నా పూత ఆరీ ఆరకముందే పగిలేది. వేలు తగిలితే పాత గోడ సున్నంలా పెచ్చులు ఊడేది. తప్పంతా బెండ్లదే అనుకున్నాను. ఇంకా ఎక్కువ వేడిలో కాల్చాను, ఇంకా మెత్తగా నూరాను, బట్టలో పోసి జల్లించాను. పగుళ్ళు మాత్రం నన్ను వదల్లేదు.

చివరికి మా గైడ్ సార్ ఒకరోజు తలుపు దగ్గర నిలబడే చెప్పారు: "నెలాఖరు దాక చూద్దాం. ఒక్క రేకు పగలకుండ చూపెట్టు. లేకుంటె కొన్న బొగ్గుతోని మళ్ళ మొదలువెట్టు. బెండ్లు మర్చిపో." మళ్ళీ మొదలుపెట్టడమంటే ఐదేళ్ళు చెత్తబుట్టలోకి పోయినట్టే. నాకు భయమేసింది. భయమేస్తే నాకు కోపం వస్తుంది, అది నా జబ్బు. పొడిలో ఏ దోషమూ లేదని సార్‌తో వాదించాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. హాస్టల్‌కు వచ్చాక మాత్రం, నిజంగా దోషం ఉంటే నా గతేమిటని ఏడ్చాను.

పగిలిన రేకుల్ని హైదరాబాద్‌లో పెద్ద మైక్రోస్కోప్ కింద చూపిద్దామని బయలుదేరాను. నలగకుండా ఉంటాయని స్టీలు టిఫిన్ డబ్బాలో సర్దాను. సిరిసిల్ల మీదుగా పోతున్నావు కదా, మీ మామ ఇంట్లో అన్నం తిని పొమ్మంది అమ్మ. మామ అంటే ఆమె తమ్ముడు. నూలును మగ్గానికి ఎక్కించే ముందు పోగులు తెగకుండా గంజి పట్టిస్తారు, దాన్నే సైజింగ్ అంటారు. మామ జీవితమంతా ఆ పనే చేశాడు. ఆయన పనిచేసిన చోటు మూతపడి కొన్నేళ్ళయింది.

సిరిసిల్లలో నేను చేతులు కడుక్కుని అన్నానికి వచ్చేసరికి మామ డబ్బా మూత తీసి చూస్తున్నాడు. అక్క బియ్యప్పిండితో సర్వప్ప కాల్చి పంపిందనుకున్నాడు పాపం.

"ఏందే బిడ్డా, గిట్ల మాడగొట్టింది మీ అమ్మ?"

"తినేది కాదు మామా, ముట్టకు!" అని కసిరాను.

ఆయన ముట్టనే ముట్టాడు. రేకు ఎత్తి వెలుతురుకు పట్టి, గోటితో గీకాడు. పెచ్చు ఊడి పళ్ళెం పక్కన పడింది. నాకు ఒళ్ళు మండింది.

"గంజి సరిగ పట్టలే" అన్నాడు.

"గంజి కాదు మామా, గిది బ్యాటరీది. నీకు తెల్వదు."

"గట్లనా. మరి జిగురు ఏం పోస్తున్నవ్?"

పీడ వదిలించుకుందామని పేరు చెప్పాను, సీఎంసీ అని. తెల్లటి పొడి, నీళ్ళలో కలిపితే జిగురవుతుంది. మా ల్యాబుకు చిన్న సీసాలో వస్తుంది. దాన్ని చెంచా కొసతో లెక్కపెట్టినట్టు వాడతాం.

మామ పగలబడి నవ్వాడు. "సీఎంసీనా! గది మేము సైజింగ్ల సంచులకు సంచులు పోసెటోళ్ళం గద బిడ్డా!"

అన్నం కలపడం మాని ఆయన వైపు తిరిగాను. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే కాబోలు.

"ఎప్పుడు నానవెడ్తున్నవ్?" అని అడిగాడు.

"నానవెట్టుడు ఎందుకు? అరగంట గిలక్కొట్టి పూస్తున్న."

"పూసినంక?"

"ఫ్యాన్ కింద పెడ్తున్న. ఎనకనే ఓవెన్ల."

మామ తల పట్టుకున్నాడు. "మా చిన్నప్పుడు గల్లీల పడుగు పోగులు సాపి చేతులతోని గంజి పూసెటోళ్ళం. గాలి లేసిందంటె గంజి ఆగమయ్యేది. మీదిది జల్ది ఎండుతది, లోపలిది పచ్చిగనే ఉంటది. లోపలిది ఎండుకుంట గుంజుతది, మీదిది పగులుతది. గా జిగురు పొడిని నీళ్ళల ఒక రాత్రి నాననియ్యి. పొద్దుగాల రెండు వేళ్ళ నడుమ వెట్టి రుద్ది సూడు. ఇసుక లెక్క తగిలితె ఇంక కాలేదన్నట్టు. పూసినంక నీడకు పెట్టు. ముందుగాల ఫ్యాన్ బంద్ చెయ్యి."

జిగురు పూర్తిగా కరగాలని పేపర్లలో నేనూ చదివాను. నీళ్ళు తేటగా కనిపిస్తే కరిగిందనుకున్నాను. ఇక ఫ్యాన్ సంగతి ఏ పేపర్లోనూ లేదు. మా ఇంట్లో తడి కనిపిస్తే చాలు, ఫ్యాన్ వేస్తారు. వడియాలైనా, తడిగుడ్డతో తుడిచిన నేలైనా సరే. నా చెయ్యి స్విచ్ మీదికి దానంతటదే పోయేది.

హైదరాబాద్ ప్రయాణం మానుకుని జగిత్యాల బస్సెక్కాను. ఆ సాయంత్రమే జిగురు నానబెట్టాను. పొద్దున వేళ్ళ మధ్య రుద్ది చూస్తే ఇసుకలా తగిలింది. ఇన్నేళ్ళూ నేను పూసింది సగం కరిగిన జిగురునే. మరోరోజు ఆగాను. అంత ఓపిక నాకెక్కడిదో! నున్నగా అయ్యాక పొడి కలిపి రేకు మీద పూశాను. గాలి తగలకుండా పైన పెద్ద బేసిన్ బోర్లించి, ఆ గది తలుపు వేసి, రోజంతా అటు వైపు పోలేదు.

మర్నాడు బేసిన్ ఎత్తాను. నల్లగా, నున్నగా, అంచు నుంచి అంచు దాకా ఒక్క గీత లేదు. రేకును పెన్ను చుట్టూ వంచాను. రాలలేదు. ఇంకోసారి వంచి అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. ఇన్నాళ్ళూ గుండె మీద బండ ఉందని, అది దిగిపోయాకే తెలిసింది. నా బెండ్లు ఏ తప్పూ చేయలేదు. తప్పు చేసింది నేను, నా తప్పును దిద్దుకోవచ్చు. అంతకంటే హాయైన మాట ఆ ఐదేళ్ళలో నేను వినలేదు. కొత్త బస్టాండు దగ్గర నాలుగు మిర్చి బజ్జీలు తిన్నాను. ఎన్ని వారాల తర్వాతో నోటికి రుచి తెలిసింది.

సార్ రేకును వంచి చూసి, భూతద్దం పెట్టి చూసి, "ఇక బెండ్ల మీదనే రాయి" అన్నారు. ఆ పూతతో కట్టిన సెల్‌లు వారాల తరబడి ఛార్జ్ ఎక్కుతూ దిగుతూ నిలబడ్డాయి. ప్రపంచాన్ని మార్చే బ్యాటరీలేం కావు. కానీ ఇప్పుడు నేను ముందు వాకిట్లోంచే ఇంట్లోకి పోతున్నాను.

థీసిస్ రాతప్రతి చదువుతూ సార్ ఒక వాక్యం దగ్గర ఆగారు. జిగురును రాత్రంతా నాననిచ్చి, పూతను గాలి తగలకుండా నీడలో ఆరబెట్టాలి అని రాశాను. "ఇది ఏ పేపర్ల ఉంది?" అన్నారు.

"పేపర్ల లేదు సార్. మా మామ చెప్పిండు."

సార్ ఆ వాక్యం పక్కన టిక్కు పెట్టారు. "అయితే కృతజ్ఞతలల్ల ముందు ఆయన పేరే పెట్టు" అన్నారు.

ఆ సంగతి చెబుదామని మామకు ఫోన్ చేశాను. ఆయన అన్నాడు: "ముప్పై ఏండ్లు గంజి కాడ నిలవడ్డ బిడ్డా. సైజింగ్ బంద్ అయినంక, గా పని ఎట్ల చేసెటోనివని ఒక్కలు అడగలే. నువ్వొక్కదానివే అడిగినవ్."

నేను అడగలేదు. ముట్టకని కసిరాను, నీకు తెల్వదన్నాను. ఆయన అది మరిచాడో, మరిచినట్టు ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. "ఇంక శాన అడిగేటియి ఉన్నయి మామా" అన్నాను. ఆ ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను, ఈసారి నిజంగానే అడగడానికి.