కోటు లోపలి సీసా

చెక్ దేశంలోని బ్రనో ఊళ్ళో ద్రహోమీరాకు ఇంట్లో మాట్లాడే మనిషి లేకుండా ఇది మూడో శీతాకాలం. భర్త వెండెలీన్ పోతూ పోతూ గోడ పొడవునా ఉన్న చేపల తొట్టిని ఆవిడ నెత్తిన పెట్టి పోయాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ తొట్టంటే ఆవిడకు ఒళ్ళుమంట. అందులోవి నల్లచారల బార్బ్ చేపలు, ఒకచోట నిలవని రౌడీమూక. ఆయన ముద్దూ మురిపెం అంతా వాటికే దక్కేది. ఇప్పుడు అవి ముసలివై ఒక్కొక్కటే పోగా, ఒకే ఒక్కటి మిగిలింది.

పొద్దున దీపం వేయగానే అది వచ్చి అద్దానికి మూతి ఆనించేది. "లేచావా? నాకూ నిద్రపట్టలేదులే," అంటూ ఆవిడ రొట్టె, కాఫీ తెచ్చుకుని దాని ఎదురుగానే కూర్చునేది. రోజు మొత్తంలో ఆవిడ గొంతు విప్పేది అప్పుడే. అలాంటిది, క్రిస్మస్ వెళ్ళాక అది తిండి మానేసి, నీళ్ళు వేడిచేసే గొట్టం వెనక దూరింది. ఎంత పిలిచినా రాలేదు.

ఆదివారం చేపలు పెంచేవాళ్ళ సంత. ఊరవేసిన దోసకాయల ఖాళీ సీసాను తొట్టినీళ్ళతో నింపి, చేపను అందులోకి తీసి, కోటు లోపల గుండెలకు ఆనించుకుని గుండీలు పెట్టుకుంది. బయట గడ్డకట్టే చలి. చలికాలంలో వెండెలీన్ కూడా ఒంటివేడి తగిలేలా చేపల్ని ఇలాగే తెచ్చేవాడు. ట్రాములో అది కదిలినప్పుడల్లా ఆవిడకు తెలుస్తోంది. ఒక ప్రాణిని ఇంత దగ్గరగా హత్తుకుని ఎన్నాళ్ళయిందో.

సంతలో వెండెలీన్ స్నేహితుడు కొప్షివా సీసాను వెలుతురుకెత్తి చూశాడు.

"రోగమేం లేదు వదినగారూ. ఒంటరిదైపోయింది, అంతే. ఈ జాతికి గుంపు లేకపోతే కుదరదు. నేనెవరికీ ఒక్కదాన్ని అమ్మనే అమ్మను."

"అయితే ఓ గుంపివ్వు, తీసుకెళ్తా."

"ఇస్తాననుకోండి. మళ్ళీ ఐదారేళ్ళు బతుకుతాయి అవి..." అని మిగతా మాట మింగేశాడు.

"నేను బతకననేగా? చెప్పవయ్యా, మొహమాటమెందుకు! ఆ బకెట్లు మొయ్యడం ఇప్పటికే నా నడుం వల్ల కావట్లేదు. సరే, దీన్ని నీ గుంపులోనే వేసెయ్."

"మీకు మరి ఇంట్లో..."

"నా మొహం చూస్తూ చావమంటావా దాన్ని? వెయ్యి."

వేశాడు. అది కాసేపు మూలన నిలబడింది. గుంపు అటుగా వచ్చి చుట్టుముట్టి ఒక్కసారి మళ్ళింది, అదీ మళ్ళింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని ఎంతసేపో చూసింది.

"నాదేదయ్యా?"

కొప్షివా వంగి చూశాడు. "ఏమో వదినగారూ, నాకూ తెలియట్లేదు."

ఆవిడ నవ్వబోయింది, ఏడుపొచ్చింది. నీళ్ళున్న సీసా వెనక్కి తీసుకుంది. ఆ నీళ్ళు పారబోయడానికి మనసొప్పక, మూత బిగించి మళ్ళీ కోటు లోపలే పెట్టుకుంది.

తిరుగు ట్రాములో ఒకామె లేచి చోటిచ్చింది. "ఏంటి బామ్మగారూ, అంత భద్రంగా దాచారు?"

"చేప," అంది ద్రహోమీరా, పై గుండీ కూడా పెట్టుకుంటూ. "దీనికి చలి పడదు."