మొదటి నవ్వు ఆవిడదే

ఊరంతా ఆయన్ని నవ్వుల మాస్టారంటారు గానీ ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పిన పాపాన పోలేదు. పగలంతా కరెంటాఫీసులో జనం ఫిర్యాదులు రాసుకునే గుమాస్తా. సాయంత్రం స్టేజీ ఎక్కి మైకు పట్టుకుంటే మాత్రం మనిషే మారిపోతాడు. ముందు వరసలో భార్య ఉండాల్సిందే. జోకు ముగియగానే ఆవిడ పకపకా నవ్వుతుంది, ఆ నవ్వు అందుకుని హాలంతా గొల్లుమంటుంది. ఇరవయ్యేళ్లుగా ఇదే వరస.

ఆ కబుర్లన్నీ పుస్తకంగా వేస్తానని ఒక ప్రెస్సాయన ముందుకొచ్చాడు. మాస్టారికి కాళ్లు నేల మీద ఆనలేదు. నెల తిరక్కుండా ముప్ఫై వ్యాసాలు రాసి పారేశాడు. అలవాటైన ప్రాణం కదా, ప్రతి జోకు తర్వాతా నాలుగు లైన్లు ఖాళీగా వదిలాడు.

"ఇన్ని ఖాళీలేంటి సార్?" అన్నాడు ప్రెస్సాయన, ప్రూఫులు చేతికిస్తూ.

"జనం నవ్వుకోడానికండీ. వాళ్లు నవ్వుతుంటే మనం మాట్లాడకూడదు కదా!"

"చదివేవాళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగి నవ్వుకుంటారు సార్. నవ్వొస్తే!"

ఆ చివరి మాటకి మాస్టారి గుండెల్లో రాయి పడింది. పుస్తకం కొన్న ప్రతివాడి పక్కనా తన భార్య కూర్చోదు కదా! ఇన్నాళ్లూ జనం నవ్వింది తన మాటలకా, ఆవిడ నవ్వుకా?

ప్రూఫులు చంకన పెట్టుకుని ఇంటికి పరిగెత్తాడు. "నిజం చెప్పు. నా జోకుల్లో నీకు బాగా నచ్చిందేది?"

బట్టలు మడతపెడుతున్న భార్య చేతిలోని చొక్కా పక్కన పెట్టింది. "ఏమనుకోకండేం. నేనెప్పుడూ వినలేదండీ."

"వినలేదా!"

"మీరెక్కడ తడబడతారోనని గుండె దడదడలాడుతుంటే ఇంకేం వింటాను? జోకు అయిపోతుందనగా మీరు ఎడమ చెవి రుద్దుకుంటారు. హమ్మయ్య, గండం గట్టెక్కిందని నవ్వొచ్చేస్తుంది."

ఇరవయ్యేళ్ల పేరు ప్రతిష్ఠలు ఒక్క చెవి మీద నిలబడ్డాయన్నమాట! మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. తర్వాత తెగించి ప్రూఫులు ఆవిడ చేతిలో పెట్టాడు.

"చదువు. నవ్వు రాకపోతే మొహమాటపడకు. రేపే వెళ్లి పుస్తకం వద్దని చెప్పేస్తాను."

పక్కగదిలోకి వెళ్లి తలుపేసుకుని, ఆ తలుపుకే అతుక్కుపోయాడు. ఒక కాగితం తిరిగింది. అలికిడి లేదు. రెండోదీ తిరిగింది. ఆవిడ దగ్గింది, అంతే. మాస్టారు మనసులోనే పుస్తకానికి నీళ్లొదిలేశాడు. మూడో కాగితం దగ్గర ఏదో కీచుమంది. నవ్వా, కుర్చీనా?

నవ్వే! ఫెళ్లున పగిలింది. పొట్ట పట్టుకుని, బల్ల చరుస్తూ, ఊపిరందక నవ్వుతోంది ఆవిడ. మాస్టారు తలుపు తోసుకుని వచ్చాడు.

"ఏవండీ, ఇరవయ్యేళ్లుగా మీరు చెప్తున్నవి ఇవా!" కళ్లు తుడుచుకుంటూ అంది. "అయ్యో, అన్నీ పోగొట్టుకున్నానే! మళ్లీ మొదట్నుంచీ చెప్పండి. ఈసారి వింటాను."

మాస్టారికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. గొంతు సవరించుకుని, మడతపెట్టని బట్టల మధ్య నిలబడి, తన మొట్టమొదటి జోకు అందుకున్నాడు.