థాయ్ హోటల్లో తెలుగు

బాబు కింది పెదవి ఉబ్బుతున్నట్టు కనిపించగానే నా చేతిలో ఫోర్కు ఆగిపోయింది. పల్లీలు వాడికి పడవు. థాయ్ నూడుల్స్‌లో పల్లీ పొడి కలుపుతారని నాకు తెలియదు.

సాల్ట్ లేక్‌లో హౌరా బస్సుకు ఇంకా గంట ఉందని పిల్లలిద్దరితో ఆ చిన్న హోటల్లోకి వెళ్ళాను. బల్లలు తుడిచే ముసలావిడ మంచినీళ్ళు తెచ్చి పెడితే, "ఆ గ్లాసు ముట్టుకోకు, ఆవిడ చేతులు మురికి" అని పాపతో తెలుగులో అన్నాను. కలకత్తాలో నలుగురి మధ్య ఎవరినైనా ఏదైనా అనాలంటే మాకు తెలుగే చాటు.

బాబు ఊపిరి అందక ఎగపోస్తున్నాడు. నేను బెంగాలీ మాటలు వెతుక్కుంటుంటే ఆవిడ చేతిలో గుడ్డ పడేసి వచ్చింది.

"ఏటమ్మా అలా సూత్తన్నావు? గుంటడికి సెనక్కాయలు పడవేటి? పద, పక్కీదిలోనే నర్సింగ్ హోమ్!" అంటూ వాణ్ణి చంకనెత్తుకుని పరుగెత్తింది.

ఇంజెక్షన్ చేశాక వాడి ఊపిరి కుదుటపడింది. ఆవిడ వెళ్ళబోతుంటే, పిల్లలు లోపల ఉండగా, వరండాలో ఆపి, "ఏమీ అనుకోకండి" అన్నాను.

"నా సేతులు మురికే తల్లీ. కడుక్కుని ఎత్తుకుందారంటే టైము నేకపోయింది" అని నవ్వకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున పాలు తాగుతూ పాప అడిగింది.

"అమ్మా, నువ్వు గ్లాసు గురించి అన్నది ఆ అమ్మమ్మ వినేసిందా?"

బాబు కూడా తలెత్తి నా వైపు చూశాడు.

"లేదమ్మా, ఆవిడకి చెవుడు" అని ఇద్దరికీ చెప్పాను.