ఎర్మీనియా హారన్

అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఎర్మీనియా కారు వెనక పడ్డవాడు ఆ పూట పనికి ఆలస్యమైనట్టే. ముప్పై మైళ్ల వేగంలో వెళ్లమంటే ఇరవై ఎనిమిదిలో వెళ్తుంది. ఆగమన్న బోర్డు దగ్గర ఎదురుగా పిల్లి కూడా లేకపోయినా ఆగి, పెదాలు కదుపుతూ మూడు దాకా లెక్కపెడుతుంది. రోజూ పొద్దున్నే కారు వెనకభాగాన్ని గోడకేసి పెట్టి, బ్రేకు తొక్కి, గోడమీద రెండు ఎర్ర వెలుగులూ పడితేనే అమ్మబోయే తమాలెల, అంటే మొక్కజొన్న పిండిని పొత్తుల ఆకుల్లో చుట్టి ఉడికించిన పొట్లాల, గిన్నెలు ఎక్కిస్తుంది. బల్బు మాడితే పోలీసు ఆపుతాడు, ఆపితే కాగితాలడుగుతాడు, అవి లేనివాళ్లని మెక్సికోకి పంపేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు తెలిసిన చట్టం అదొక్కటే. సైనికుల తల్లులను ఇక్కడే ఉండనిచ్చే వెసులుబాటు ఇంకోటి ఉందని సైన్యంలో చేరిన కూతురు యారెలీ చెప్పింది. ఎనిమిది నెలలు తిరగ్గా ఏడాదిపాటు ఉండటానికి అనుమతి వచ్చింది, దాని వెనకే డ్రైవింగ్ లైసెన్సూ వచ్చింది.

మర్నాడు కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరింది. ఆకుపచ్చ లైటు పడినా ముందున్న ట్రక్కువాడు ఫోను చూసుకుంటూ కదల్లేదు.

"ఇప్పుడైనా హారన్ కొట్టవే అమ్మా."

ఎర్మీనియా సర్దుకు కూర్చుని అరచేత్తో నొక్కింది. చప్పుడు లేదు.

"ఇదెప్పుడు పాడైందే?"

"నన్నడుగుతావేంటి? నువ్వు కొట్టగా నేనెప్పుడు విన్నాను?"

ఎర్మీనియా అద్దం దించి తల బయటపెట్టింది. "ఏమయ్యా, ఇక్కడే కాపురం పెడతావా?"

ట్రక్కు ఉలిక్కిపడ్డట్టు కదిలింది. తన గొంతు తనకే కొత్తగా ఉండి, ఎర్మీనియా మాత్రం కదలడం మరిచిపోయింది. వెనకవాళ్ల హారన్లు బాగానే పనిచేశాయి.