ఉత్తరం గోడలో దర్వాజ

దయ్యాలు లేవు. కరోనాలో మా లేబర్ క్యాంపులో పక్క మంచం మనిషి పోతే, నెల తిరక్కుండా అదే మంచం మీద పడుకున్నవాణ్ణి నేను. ఏమీ రాలేదు. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, నన్ను పిరికివాడని మాత్రం అనకండి.

మాది నిర్మల్. నాన్న కొయ్యబొమ్మలు చేసేవాడు. ఆ పనితోనే నేనూ గల్ఫ్‌కు వచ్చి, ముసఫ్ఫా ఐకాడ్ అనే ఫ్యాక్టరీల పేటలో ఒక వడ్రంగి కార్ఖానాలో కుదిరాను. కరోనా తగ్గాక పనులు లేక చాలామందిని ఇళ్ళకు పంపేశారు. నా చేతిలో అప్పటికే ఒక అల్మారా చెడింది. ఇంకో తప్పు చేస్తే విమానం ఎక్కడమేనని మా ఫోర్‌మన్ మస్తాన్ భాయ్ ముఖం మీదే చెప్పాడు. ఆయనది కడప. మనిషి చెడ్డవాడు కాదు, కానీ పైన ముదీర్, అంటే మేనేజరు, ఉన్నాడు కదా.

అప్పుడే అల్ ఐన్ నుంచి ఒక ఇంగ్లిష్ మేడం వచ్చారు. అక్కడే బడిలో ఏళ్ళ తరబడి చదువు చెప్పారట. భర్త కరోనాలో పోతే, సొంత ఊరికి తీసుకెళ్ళే వీలు లేక ఇక్కడే పూడ్చారు. ఆయన ఊరి చర్చిని టేకుతో చిన్న బొమ్మగా చేసిస్తే ఇంట్లో పెట్టుకుంటానని ఫోటోలు ఇచ్చారు. రాతి గోడలు, పొట్టి గోపురం, చుట్టూ గడ్డి. దక్షిణం వైపు ఒకటే దర్వాజ. ఉత్తరం గోడను తీగ కమ్మేసింది.

చేశాను. కప్పు కూడా బిగించాక మస్తాన్ భాయ్ చూశాడు. ఉత్తరం గోడకూ చిన్న దర్వాజ తొలిచి ఉంది. తొలిచింది నేనే. ముందు దర్వాజకు ఎదురుగా వెనక దర్వాజ ఉండాలనేది మా ఇళ్ళ పద్ధతి. నాన్న బొమ్మరిళ్ళు కూడా అట్లాగే చేసేవాడు. అలవాటు కొద్దీ చెయ్యి పోయింది.

అయితే ఒక మాట. అలవాటే అయితే సరిగ్గా ఎదురుగా రావాలి. ఎదురుగానే పెన్సిల్‌తో గీశాను కూడా. ఆ గీత అట్లాగే ఉంది. దర్వాజ మాత్రం గీతను వదిలి పక్కకు జరిగింది, పైన వంపు ఎడమవైపు కుంగింది. వంకర దర్వాజ నా జన్మలో చేయలేదు.

“ఏం పని చేసినావబ్బా? నిన్ను పంపిచ్చేదానికి వాళ్ళు కాచుకోనుండారు. మేడం వచ్చేలోపల ఆ బొక్క పూడ్చెయ్,” అన్నాడు మస్తాన్ భాయ్.

అదే టేకుతో బిళ్ళ కోసి, గమ్ము పూసి అతికించాను. గోరు కూడా దూరనంత బిగువుగా కూర్చుంది. అన్నం తిని వచ్చేసరికి బల్ల మీద పడి ఉంది. మళ్ళీ అతికించి క్లాంపు వేసి బిగించాను. మర్నాడు క్లాంపు విప్పగానే బిళ్ళ నా చేతి మీదే వచ్చి పడింది, లోపలి నుంచి ఎవరో నెట్టినట్టు. లోపల ఏముంటుంది? కప్పు బిగించిన పెట్టె అది. గమ్ము చెడిందేమోనని అదే డబ్బాలోని గమ్ముతో రెండు వేరే ముక్కలు అతికించి, ఆరాక సుత్తితో కొట్టాను. చెక్క విరిగింది, అతుకు విడలేదు.

ఎండాకాలం, ఐకాడ్‌లో ఫ్యాన్ గాలి కూడా కాల్చే రోజులు. ఆ బొక్క దగ్గర ముఖం పెడితే తడిమట్టి వాసన వచ్చింది. మస్తాన్ భాయ్ కూడా వంగి పీల్చాడు. ముక్కు తుడుచుకుని లేచి వెళ్ళాడు.

మేడం వచ్చే రోజు మళ్ళీ పూడ్చమన్నాడు, ఈసారి మేకు కొట్టి.

“నాతోని కాదు భాయ్. అది మూసుకోనంటుంది, ఉండనియ్. తప్పు నాదే అని నేనే చెప్త. ఇంటికి పంపుతె పంపుర్రి,” అన్నాను. భయంతో కాదు, కోపంతో. నా పనిలో నేను మేకు దిగ్గొట్టను.

మేడం బొమ్మ చుట్టూ తిరిగి ఉత్తరం వైపు ఆగారు. వచ్చిన హిందీలో తప్పు నాదేనన్నాను. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆవిడ చెప్పింది మస్తాన్ భాయ్ నాకు తెలుగులో చెప్పాడు.

ఆ ఊరు ఒకప్పుడు చర్చి చుట్టూనే ఉండేదట. వందల ఏళ్ళ కింద మహమ్మారి వచ్చి ఊరు సగమైంది. శవాలను ఉత్తరం దర్వాజలోంచి మోసేవాళ్ళు. మోసేవాళ్ళు కూడా పోయాక, మిగిలినవాళ్ళు ఆ దర్వాజను రాళ్ళతో మూసి, ఇళ్ళను గుట్ట మీదికి మార్చుకున్నారు. చర్చి ఒక్కటే కింద మిగిలింది. భర్త ఈ కథ చెబితే ఆవిడ నమ్మేవారు కాదట. బతికున్నవాళ్ళెవరూ ఆ దర్వాజను చూడలేదు. లోపల సున్నం, బయట తీగ.

“దీన్ని మూయొద్దంటాండాది మేడం. నీ ఉద్యోగం నిలబడిందిపో,” అన్నాడు మస్తాన్ భాయ్.

దుఃఖంలో ఉన్న మనిషి ఏదో కథ చెప్పిందిలే అనుకున్నాను. మా రూమువాళ్ళు నాకు ‘పాదరీ సాబ్’ అని పేరు పెట్టి ఏడిపించారు.

తర్వాతి ఏడాది మేడం మస్తాన్ భాయ్ ఫోనుకు ఒక ఫోటో పంపారు. చెమ్మ పట్టిందని చర్చి లోపలి సున్నం రాలగొడితే, మూసిన దర్వాజ బయటపడింది. ముందు దర్వాజకు సరిగ్గా ఎదురుగా లేదు, పక్కకు ఉంది. వంపు కుడివైపు కుంగింది. నాది ఎడమ కదా అని ఊపిరి పీల్చుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఫోటో లోపలి నుంచి తీసింది. బయట నిలబడితే అదే ఎడమ. ఆ రాత్రి రూములో లైటు ఆర్పనివ్వలేదు, ఒప్పుకుంటాను.

మేడం ముందే చెప్పి ఉంటుందని ఒకడన్నాడు. చెప్పలేదు. అలవాటని ఇంకొకడన్నాడు. అలవాటు కాదనడానికి నా పెన్సిల్ గీతే సాక్ష్యం. దయ్యమన్నారు. దయ్యాలు లేవు, ఇప్పటికీ అదే అంటాను. మరేమిటంటే నాకు తెలియదు.

ఆ బిళ్ళ నా పెట్టెలో ఉంది. చర్చి బొమ్మ అల్ ఐన్‌లో మేడం ఇంట్లో ఉంది. బిళ్ళ కొలతా, ఆ బొక్క కొలతా ఇప్పటికీ సరిపోతాయి. అన్నీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే గమ్ము డబ్బా పట్టుకుని రండి, నేనే తీసుకెళ్తాను. అతికించి చూపించండి.