మెడ తిప్పినా వదలని మైకు

మా మామగారికి మైకంటే భక్తి, హార్మోనియమంటే ప్రాణం. ఆ రెంటి మధ్యా నలిగిపోయింది మాత్రం ఆయన మెడ.

జగ్గయ్యపేటలో మాది పప్పుల హోల్‌సేల్ కొట్టు. తొంభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే, ధనుర్మాసం నెల్లాళ్లూ తెల్లవారుజామున గుళ్లో భజన నడిపించేది మామయ్యగారే. ముందు హార్మోనియం, దానికి అవతల స్టాండు మీద మైకు. కుడిచెయ్యి మెట్ల మీదా, ఎడంచెయ్యి తిత్తి మీదా ఉంటే మైకును దగ్గరికి లాక్కోవడానికి మూడో చెయ్యి లేదు గనక ఆయనే మైకు దగ్గరికి వెళ్లేవారు. నడుము కదలకుండా, మెడ ఒక్కటీ హార్మోనియం మీదుగా ముందుకు సాచి పాడేవారు. ఒక ఏడాది, రెండేళ్లు కాదు, ముప్ఫై ఏళ్లు అలాగే పాడారు.

పెళ్లికి ముందు నేను నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్నానని తెలిసి, మొదటి ధనుర్మాసమే నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పల్లవి ఆయన, చరణాలు నేను. ఐదింటికి మొదలైతే ఆరున్నరకు ముగిసేది. ప్రసాదం పొట్లం పట్టుకుని ఇంటికి పరుగెత్తి, క్యారియర్ సర్దుకుని, నందిగామ బస్సెక్కి బడికి పోయేదాన్ని. అక్కడ లెక్కలు చెప్పేదాన్ని. ఆ నెలంతా మొదటి పీరియడ్ పిల్లలకు బొంగురు గొంతుతోనే పాఠం.

మామయ్యగారికొక అలవాటుంది. పాట మధ్యలో ఎవరినైనా ఏమైనా అనాలనిపిస్తే మెడ ఎడమవైపుకు తిప్పేసేవారు. అటుపక్క మృదంగం మాస్టారు కూర్చునేవారు. రిటైరైన బడిపంతులు, మామయ్యగారికి చిన్ననాటి స్నేహితుడు. నోరు మైకు ముందునుంచి తప్పుకుంటే మాట మైకులో పడదు గదా. తాళం తప్పినవాడిని తిట్టడం, కొట్టు తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో అడగడం, ఇవాళ పొంగలి మాడిన వాసన వస్తోందని చెప్పడం, అన్నీ ఆ పక్కనే కానిచ్చేసేవారు. పల్లవి అందుకోవాల్సిన వేళకు మెడ మళ్లీ ఠంచనుగా మైకు ముందుండేది.

నేను చరణం ముగించిన ప్రతిసారీ కూడా ఆ మెడ ఎడమకు తిరిగేది. ఆయన ఏదో అనేవారు. మాస్టారు నావైపు చూసి చిన్నగా నవ్వేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. శృతి తప్పిందనో, సంగతి ఎక్కువైందనో అంటున్నారని నా గట్టి నమ్మకం. ఎందుకంటే మామయ్యగారు నా ముఖాన "బాగుందమ్మా" అన్నది పప్పుచారుకే గానీ పాటకు ఏనాడూ కాదు. ఏమంటున్నారని అడగడానికి నాకు పౌరుషం అడ్డొచ్చేది. ఇలా ఒకటీ రెండూ కాదు, పన్నెండేళ్లు ఉడుక్కున్నాను.

రెండువేలు దాటాక ఒక ఏడు ఆయనకు ఎడంచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. మెడ ఎముకలు అరిగాయని విజయవాడ డాక్టరు చెప్పాడు. మెడ సాచే పని ఏదైనా ఉంటే పూర్తిగా మానెయ్యమన్నాడు. భజనలో పెద్దవాళ్లు మంచి మనసుతోనే, "పెట్టె ఇంకెవరన్నా వాయిస్తార్లెండి, మీరు మైకు దగ్గర కూచుని పాడండి చాలు" అన్నారు. మామయ్యగారు ససేమిరా అన్నారు. అందరి ముందూ అలా అన్నా, ఇంటికొచ్చాక అత్తయ్యతో, "ముక్కోటి దాకా చూస్తా. కుదరకపోతే పెట్టె అప్పజెప్పేస్తా" అనడం వంటింట్లోంచి విన్నాను. ఆ గొంతులో బింకం లేదు. ఆయన మీద నాకెంత ఉక్రోషమున్నా, ఆ పెట్టె ముందు ఇంకొకరిని ఊహించుకోవడం నా వల్ల కాలేదు.

గుడికి మైకులు పెట్టే అతనిది చిల్లకల్లు. దారి చెప్పింది అతనే.

"హెడ్‌సెట్ మైకులని వచ్చినయ్యండి టీచరుగారూ. చెవులకు తగిలించుకుంటే నోటి పక్కనే ఉంటది. మెడ సాచే పనే లేదు. తల ఎటు తిప్పినా మైకూ దాంతోపాటే వస్తది."

ఆ చివరి మాటకే నేను ఎక్కువ సంబరపడ్డాను.

ఆదివారం నాడు మామయ్యగారినీ, నలుగురూ పెట్టుకున్న మైకు ముఖానికి పెట్టుకోనన్న ఆయన సణుగుడునీ వెంటేసుకుని విజయవాడ బస్సెక్కాను. సణుగుడు కీసర దాటాక గానీ ఆగలేదు. కొట్టతను ముందు అడిగింది ధర సంగతి కాదు. "మాట్లాడటానికా, పాడటానికా? ఉత్త పాటేనా, ఏవన్నా వాయిస్తా పాడతారా?" అన్నాడు. ఆ ప్రశ్నతో మామయ్యగారికి అతని మీద గురి కుదిరింది. మైకుల్లో రెండు రకాలట. ఒకటి చుట్టుపక్కల చప్పుళ్లన్నీ పట్టేస్తుంది. గుండెకు ఎదురుగా హార్మోనియం మోగుతుంటే అది గొంతును వదిలేసి పెట్టెనే వినిపిస్తుంది. రెండోది నోటి వైపు వచ్చిందే ఎక్కువ పట్టుకుంటుంది. మాకు ఆ రెండోదే కావాలన్నాడు.

కొట్లోనే కీబోర్డు ముందు కూర్చుని మామయ్యగారు ఒక పల్లవి అందుకున్నారు. మైకు పెదవుల ఎదురుగా ఉంటే 'ప' వచ్చినప్పుడల్లా పొయ్యి ఊదిన చప్పుడు. కొట్టతను దాన్ని రెండు వేళ్ల దూరం పక్కకు, నోటి మూలకు జరిపాడు. ఊదుడు పోయింది, పాట మిగిలింది. కళ్లజోడు కమ్మీలకు అడ్డం రాని తీగ దొరికేదాకా మూడు మార్చాం. మామయ్యగారు అద్దంలో చూసుకుని, "టెలిఫోను ఎక్స్ఛేంజీలో ఉద్యోగం వచ్చినట్టుందే" అన్నారు. అంటే నచ్చిందని అర్థం.

ఇంటికొచ్చాక కష్టాలు మొదలయ్యాయి. చలికి చెవులమీదుగా మఫ్లరు చుట్టుకునే మనిషి. మఫ్లరు కింద పెడితే తీగ నొక్కుకుంటుంది, పైన పెడితే జారుతుంది. చివరికి మఫ్లరు మెడకు దిగింది. మైకుకు వైరుతో అతికి ఉండే చిన్న పెట్టెను బెల్టుకు తగిలించుకోవాలి. పంచె మనిషికి బెల్టెక్కడిది? మొలతాడుకు తగిలిస్తే బరువుకి కిందికి దిగబడింది. అత్తయ్య జాకెట్ గుడ్డతో ఆకుపచ్చ సంచి కుట్టి, నడుముకు కట్టుకునేలా నాడా పెట్టింది. ఆ సంచి చూసి మాస్టారు, "ఏరా, కండక్టరువయ్యావా?" అన్నారు.

మొదటి రోజు పాట మొదలవగానే నేను గొంతును కాదు, మెడను చూశాను. నిటారుగా ఉంది. గొంతు హాయిగా, దగ్గరగా వినిపిస్తోంది. నాకు కళ్లు చెమర్చాయి. అంతలో ఆ మెడ అలవాటు చొప్పున ఎడమకు తిరిగింది.

"ఆ తాళాలు కొట్టేదెవడ్రా వెనకాల? పకోడీల గిన్నె మీద గరిటె కొట్టినట్టు!"

గుడి పైనున్న హారన్లలోంచి ఆ మాట బజారంతా పాకింది. తాళాలు కొట్టేది మా ఎదురు కొట్టాయన. రెండ్రోజులు మావైపు చూడకుండా తలుపులు తీశాడు. మైకతను పరుగెత్తుకొచ్చి, సంచిలో పెట్టెకు స్విచ్చి ఉందని చూపించాడు. "కానీ మీరు ముట్టుకోమాకండి. నొక్కితే బాక్సుల్లో టప్పుమంటది" అన్నాడు.

ఆ రోజునుంచి మామయ్యగారు మెడ తిప్పడం మానేశారు. ఫొటోకు కూర్చున్నట్టు కూర్చునేవారు. నా చరణం అయ్యాక కిందికి చూసి, పెదవి బిగబట్టేవారు. మాస్టారికి ఊసుపోయేది కాదు. నాకైతే, వద్దనుకున్న విమర్శ ఆగిపోయినందుకు సంతోషం కలగాల్సింది పోయి వెలితిగా ఉండేది. "ఇంత బిగుసుకుని పాడేకంటే మానెయ్యటం నయం" అని ఆయన అత్తయ్యతో అనగా విన్నాను. ముక్కోటి నాలుగు రోజుల్లో పడింది.

ముక్కోటినాడు ఉత్తర ద్వారం దగ్గర మొదలైన వరస బజారు మలుపు దాకా పోయింది. ఎందుకో ఆ వేళ నా గొంతు నేను చెప్పినట్టల్లా విన్నది. మూడో చరణం పై స్థాయిలో నిలిపి దించాను. దించానో లేదో, మామయ్యగారి మెడ ఎడమకు తిరిగింది.

"చూశావంట్రా, అదీ గొంతంటే! ఈ పిల్ల చరణం ఎత్తుకుంటే నాకు ఒళ్లు జలదరిస్తది. దీనికి శృతి పట్టటానికేరా ఈ పెట్టె వదల్లేకపోతున్నా. ఇంకోడి చేతికిస్తే ఈ గొంతుకి అడ్డంపడతాడు."

వరసలో జనం ఒక్కసారిగా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. మామయ్యగారు గబగబా మైకు తీసి హార్మోనియం మీద పెట్టేసి, "నాకొద్దమ్మా ఇది" అన్నారు. మిగతా భజనంతా ఆయన పెట్టె మాత్రమే వాయించారు. పల్లవులు కూడా నేనే పాడాను, ఏం పాడానో గుర్తులేదు.

ఇంటికి రాగానే అత్తయ్య నన్ను గుమ్మంలోనే ఆపి, ఉప్పూ ఎండుమిరపకాయలూ మూడుసార్లు తిప్పి దిష్టి తీసింది. నేను నేరుగా మామయ్యగారి ముందుకెళ్లి నిలబడ్డాను.

"పన్నెండేళ్లు మాస్టారి చెవిలో చెప్పింది నాకు చెప్తే ఏం పోయేదండీ?"

ఆయన నావైపు చూడలేదు. "ఎదురుగా పొగిడితే దిష్టమ్మా. ఇంట్లోవాళ్ల దిష్టే ముందు తగులుద్ది. అందుకే అటు తిప్పుకునేవాణ్ణి. నీ మైకొచ్చి ఊళ్లో దిష్టంతా నీ నెత్తిన పెట్టింది."

అక్కడే కూలబడి ఏడ్చాను. పన్నెండేళ్ల ఉక్రోషం అంత తేలిగ్గా కరిగిపోతుందని నాకు తెలియదు. "రేపు పెట్టె అప్పజెప్పేస్తారా?" అని అడిగితే కొట్టు తాళంచెవులు వెతుక్కుంటూ లోపలికి వెళ్లిపోయారు.

మర్నాడు నాలుగున్నరకు గుడికి బయల్దేరుతుంటే, మామయ్యగారు ఆకుపచ్చ సంచి కట్టుకుని, మైకు చేత్తో పట్టుకుని వసారాలో నిలబడి ఉన్నారు.

"ఆ స్విచ్చేదో చూపించమ్మా."

"టప్పుమంటదన్నాడు గదండీ."

"అంటే అననీ."

ఆ తర్వాత ఎన్నో ధనుర్మాసాలు ఆయన మెడ సాచకుండా పాడారు. పెట్టె ఎవరికీ అప్పజెప్పలేదు. తాళాలవాళ్లను మళ్లీ ఏమీ అనలేదు, వాళ్లకోసం స్విచ్చి నొక్కడం దండగనుకున్నారేమో. నా చరణం కుదిరిన రోజున మాత్రం ఎడంచెయ్యి తిత్తిని వదిలి నడుం దగ్గరికి వెళ్లేది. గాలి ఆడక హార్మోనియం మూలిగేది. పైన హారన్లలో టప్పుమనేది. అప్పుడు మెడ తిరిగేది.

నందిగామ బస్సులో కండక్టరు టిక్కెట్టు చించుతూ, "ఇయాళ మూడుసార్లు టప్పుమంది టీచరుగారూ!" అనేవాడు.

ఆయన మాస్టారితో ఏమనేవారో మళ్లీ ఒక్కసారి కూడా నా చెవిన పడలేదు. నేనూ అడగలేదు. చరణం దించుతూ ఆ ఎడంచేతి వైపు చూసేదాన్ని. అది తిత్తి వదిలితే నాకు చాలు.